కర్ణుడి చావుకి ఒకే ఒక్క కారణం

రోల్ ప్లేయింగ్ గేముల్లో నాకు అస్సలు పడని పోరాటం ఒకటుంది. ఎదురుగా పెద్ద శత్రువు. ఎప్పట్నుంచో దాచుకున్న మందుసీసాలన్నీ ఖాళీ చేసి, వాడి ప్రాణాన్ని చివరి గీత దాకా తెస్తాం. సరిగ్గా అప్పుడు కంట్రోలర్ పనిచేయడం మానేస్తుంది. కట్‌సీన్ మొదలవుతుంది. అందులో మన హీరో మోకాళ్ల మీద కూలబడి రొప్పుతుంటాడు. శత్రువు ఒంటిమీద చిన్న గాటు కూడా ఉండదు. ఇక్కడ మనం ఓడిపోవాలని ముందే రాసేసుకున్నారన్నమాట.

సమర్థించేవాళ్లు చెప్పేది ఒకటే: "కథకి ఆ ఓటమి అవసరం బాస్!" అవసరమే, కాదన్నదెవరు? నా తగాదా ఆ ఓటమిని తెచ్చిన పద్ధతితో.

కర్ణుడి చావుకి కారణాలనేకం అంటాం. పరశురాముడి శాపం, బ్రాహ్మణుడి శాపం, ఇంద్రుడు పట్టుకుపోయిన కవచకుండలాలు, రథం తోలుతూనే సూటిపోటి మాటలన్న శల్యుడు. అతను పోతాడని వినేవాళ్లందరికీ తెలుసు. అయినా రథచక్రం కుంగినప్పుడు మోసపోయామని ఎవరికీ అనిపించదు. ఒక్కో కారణాన్నీ మన కళ్లముందే నాటుకుంటూ వచ్చారు కాబట్టి. నేను చెప్తున్న గేముల్లో హీరో ఓటమికి ఒకే ఒక్క కారణం, కట్‌సీన్.

ఓడించడం చేతకాక కాదు, చేతనైనవాళ్లూ ఉన్నారు. 'డార్క్ సోల్స్' (2011) మొదట్లోనే ఒక భారీ రాక్షసుడు పైనుంచి మన ముందుకి దూకుతాడు. మన చేతిలో విరిగిన కత్తిపిడి. చచ్చిపోతాం. కానీ ఎడమపక్క ఒక తలుపు తెరిచే ఉంటుంది. పారిపోయి, ఆయుధం సంపాదించుకుని, పైనుంచి వాడి నెత్తిమీదికి దూకొచ్చు. మొదట్లో బహుమతిగా నల్లబాంబుల్ని ఎంచుకున్నవాళ్లు తొలిసారే వాణ్ని చంపేసి, వాడి సుత్తిని సొంతం చేసుకోవచ్చు. పారిపోవడం కూడా ఆటలో భాగమని ఎవరూ ఉపన్యాసమివ్వరు. మన కాళ్లకే అర్థమవుతుంది.

అదే మియజాకి డైరెక్ట్ చేసిన 'సెకిరో' (2019) చూడండి. తొలి ఘట్టంలో గెనిచిరో చేతిలో ఓడితే మన చేయి తెగుతుంది. కష్టపడి గెలిచినా తెగుతుంది, దాక్కున్న నింజా ఒకడు అడ్డొస్తాడు. గెనిచిరో అడ్డదారులు తొక్కే మనిషేగా అని సర్దిచెప్పొచ్చు. అయితే ఆ అడ్డదారిని తప్పించుకునే అవకాశం నా చేతికి ఎందుకివ్వలేదు? 'ఎల్డెన్ రింగ్' (2022) దీనికన్నా మర్యాదగా ఉంటుంది. తొలి రాక్షసుణ్ని చంపితే కత్తీ డాలూ ఇచ్చి, ఆ తర్వాతే మన కాళ్లకింద నేల కూలుతుంది. కథ తను వెళ్లాల్సిన చోటికే వెళ్లింది, మన గెలుపుని మాత్రం కాజేయలేదు.

వీటన్నిటికీ ముందే 1995లో 'క్రోనో ట్రిగర్' వచ్చింది. సముద్రం అడుగునున్న కోటలో లావోస్ ఎదురైనప్పుడు హీరో క్రోనో చచ్చిపోతాడు. గేమ్ ఒకసారి పూర్తిచేసి, ఆ బలంతోనే మళ్లీ మొదలుపెట్టినవాళ్లు అక్కడే లావోస్‌ని ఓడించొచ్చు. ఓడిస్తే వాళ్లకోసం వేరే ముగింపు ఉంది. గేమ్ తయారుచేసినవాళ్లే అందులో కనిపించి పలకరిస్తారు. గెలిచే మొండివాడు ఎక్కడో ఒకడుంటాడని ఊహించి, వాడికోసం కూడా రాసిపెట్టారు.

నా వృత్తిలో, ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఒకే జవాబొచ్చేలా హార్డ్‌కోడ్ చేస్తే కోడ్ రివ్యూలోనే వెనక్కి కొడతారు. గేముల్లో మాత్రం దానికి "ఎమోషనల్ మూమెంట్" అని పేరు. మనిషిని ముందే ఖాయం చేసుకుని మొక్కుబడికి పెట్టే ఇంటర్వ్యూలకి వెళ్లొచ్చిన తరం మనది. మన కష్టాన్ని అడిగి మరీ తీసుకుని, లెక్కలోకి రానివ్వకపోవడం ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆటలోనూ అదే అవమానం పడాలా?

గేములూ సాహిత్యమేనని వాదించే మిత్రులకి నాదొక మనవి. రివ్యూలో గ్రాఫిక్స్ గురించి నాలుగు పేరాలు తగ్గించి, ఈ ఒక్క ప్రశ్న వేయండి: ఇక్కడ నేను గెలిస్తే ఏమవుతుంది? ఆ జవాబు రాసుకోని రచయితకి నన్ను ఓడించే హక్కు లేదు.