సూర్యుడి చిట్టా ఎవరి దగ్గరుంది?

"ఒరేయ్, అంతరిక్షంలో కూడా వాతావరణం ఉంటుందట. అక్కడా వానలు పడతాయా?" 2024 మేలో మా నాన్న ఫోన్‌ చేసి అడిగిన ప్రశ్న ఇది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడిన ఫొటో టీవీలో చూశారట.

వాన కాదు నాన్నా, సూర్యుడు విసిరిన కణాల వల్ల వచ్చిన అయస్కాంత తుఫాను అన్నాను. 1989లో ఇలాంటిదే కెనడాలోని క్యూబెక్‌లో తొమ్మిది గంటలు కరెంటు తీసేసిందని కూడా చెప్పాను.

"మరి దాన్ని కొలిచేదెవరు?" అన్నారు. నాకు తెలీదు. ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టా.

తేలిందేంటంటే, ఏ ఒక్కరి వల్లా అయ్యే పని కాదు. తుఫాను తీవ్రత చెప్పే డీఎస్‌టీ సూచీనే చూడండి. దక్షిణాఫ్రికాలోని హెర్మానస్‌, జపాన్‌లోని కకియోకా, హవాయిలోని హోనలూలు, ప్యూర్టోరికోలోని శాన్‌హువాన్‌... ఈ నాలుగు చోట్ల కొలతలు క్యోటోకి చేరితేగానీ ఆ ఒక్క అంకె రాదు. సౌరగాలి వివరాలేమో నాసా దగ్గర. మన ఆదిత్య-ఎల్‌1 పంపేవి ఇస్రో వారి 'ప్రదాన్‌' పోర్టల్‌లో. ఎవరి గోదాములో వారి సరుకు. కానీ తలుపులు తీసే ఉంటాయి. ఈ పద్ధతికి పునాది 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో పడింది. అమెరికా, సోవియట్‌లకి అసలు పడని రోజులవి. అయినా డేటా కేంద్రాలు రెండు వైపులా పెట్టారు. ఒకచోట పోయినా ఇంకోచోట నకలు మిగలాలని!

నేనూ రెండు చోట్ల నుంచి ఫైళ్లు దింపి గ్రాఫ్‌ గీశా. సౌరగాలి తగలడానికి ఐదున్నర గంటల ముందే భూమి ఉలిక్కిపడినట్టు వచ్చింది. ఏదో కనిపెట్టేశాననుకున్నా! తీరా చూస్తే ఒక ఫైలు టైమ్‌ మన టైమ్‌లోకి మార్చి, రెండోదాన్ని యూటీసీలోనే వదిలేశాను. ఏ టైమో ఫైల్లోనే రాసి ఉంది, చదవనిది నేనే. అంకెలు పంచుకుంటే సరిపోదు. ఏ గడియారం, ఏ కొలమానం, ఏ పరికరం అన్నదీ వాటితోపాటే వెళ్లాలి.

1859 సెప్టెంబరులో వచ్చిన మహా తుఫానప్పుడు బొంబాయి కొలాబా అబ్జర్వేటరీలో ఎవరో కంటితో చూసి, చేత్తో రీడింగులు రాశారు. అయస్కాంత క్షేత్రం సుమారు 1600 నానోటెస్లాలు పడిపోయిందని వాటిలో ఉంది. ఆ కాగితాలు భద్రంగా ఉండబట్టే 2003లో శాస్త్రవేత్తలు ఆ తుఫాను ఎంతటిదో లెక్కగట్టగలిగారు.

మా నాన్న వాన పడిన రోజల్లా క్యాలెండర్‌లో చుక్క పెడతారు, పక్కనే ఎంత పదునైందో రాస్తారు. మొన్న ఊరెళ్లినప్పుడు పాతవి అడిగాను, ఫొటోలు తీసి దాచుదామని.

"కొత్త క్యాలెండర్‌ రాగానే పాతది పారేస్తాం కదరా" అన్నారు.

ఈ ఏడాదిది మాత్రం తీసుకున్నా. మూడు చోట్ల దాచాను.