ఇసుకమీది వీథులు

అమెరికా తూర్పుతీరమున, మేరీలాండు, వర్జీనియా రాష్ట్రముల యంచున, అసటీగ్ అను సన్నని ఇసుకదీవి కలదు. దాని పొడవు 37 మైళ్లు. ఇట్టి దీవి ఒకచోట నిలువదు. అలలు సముద్రపువైపు ఇసుకను తోడి వెనుకవైపు పోయుచుండును. అది మెల్లగా జరుగుచునే లోనితీరమునకు అలలదెబ్బ తగులకుండ కాచును.

1933 ఆగస్టు తుపాను, ఈ దీవికిని ఓషన్ సిటీ పట్టణమునకును నడుమ సముద్రపుపాయను త్రవ్వెను. ఆ హెచ్చరిక నెవరును చెవిని బెట్టలేదు. 1950 తరువాత వ్యాపారులు ఆ ఇసుకను వేలకొలది ఇంటిస్థలములుగా పంచి అమ్మిరి; బాల్టిమోర్ బూలవార్డు అను తారురోడ్డు వేసిరి. 1962 మార్చి 6వ తేదీని మొదలైన తుపాను మూడుదినములు విడువక కొట్టి, ఆ రోడ్డును ముక్కలుచేసి, కట్టిన యిండ్లను పాడుచేసెను. 1965 సెప్టెంబరు 21వ తేదీని ప్రెసిడెంటు జాన్సను సంతకముతో ఆ దీవి జాతీయ సముద్రతీరోద్యానమయ్యెను.

స్థలములు కొన్నవారి గతి యేమని కొందరడుగవచ్చును. వారి యాశ భంగమైన మాట నిజమే. ప్రభుత్వము వెలయిచ్చి ఆ స్థలములను కొనుట న్యాయమని మా తలంపు. కాని తప్పు తుపానుది కాదు. కదలెడు నేలను కదలనిదానివలె అమ్మినవారిది.

విద్యార్థులారా! ఆ రోడ్డు తునకలు నేటికిని ఇసుకదిబ్బలనడుమ కానవచ్చుచున్నవి. కొందరి కిండ్లుగా నిలువజాలని నేల, అందరికిని ఉద్యానమై నిలిచినది. ఆ బుద్ధి తుపానుకు ముందే కలిగియున్నచో నెంత మేలయ్యెడిది!