ముందు వాక్యం, తరవాత నిర్వచనం

మీ ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలుంటే వాళ్ళు వ్యాకరణం చదివేటప్పుడు వినండి. "ఒకే సమాపక క్రియ గలది సామాన్య వాక్యం" అని గడగడా అప్పజెప్తారు. సొంతంగా ఒక వాక్యం రాయమంటే తడబడతారు. నిర్వచనంతో మొదలుపెట్టడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం.

నిజానికి వాక్యాలు కలపడం పిల్లలకు బడిలో చేరకముందే వచ్చు. "అమ్మ వచ్చి అన్నం పెట్టింది" అంటారు. 'వచ్చింది' అనే క్రియ 'వచ్చి'గా మారింది కనుక ఇది సంశ్లిష్ట వాక్యం. "అక్క పాడింది కాని తమ్ముడు పాడలేదు" అన్నప్పుడు రెండు వాక్యాలకూ సమాన ప్రాధాన్యం ఉంది. ఇది సంయుక్త వాక్యం.

"అమ్మ వచ్చింది మరియు అన్నం పెట్టింది" అని ఏ ఇంట్లోనూ అనరు. అలా రాయించితే తమ మాటే తప్పనుకొని పిల్లలు రాయడానికి జంకుతారు.

కాబట్టి రెండు చిన్న వాక్యాలిచ్చి కలపమనండి, మళ్ళీ విడదీయమనండి. పేర్లు తరవాత చెప్పవచ్చు. ఈ అభ్యాసం మీకూ అవసరమే. అర్జీలో "బోరు చెడింది. నీళ్ళు లేవు" అని రాస్తే అవి రెండు సంగతులు. "బోరు చెడినందువల్ల నీళ్ళు లేవు" అంటే కారణం తెలుస్తుంది. చదివే అధికారికి ఏం బాగుచేయాలో తెలుస్తుంది.