నీ ధ్యాస యాడుంది?

ఉప ముఖ్యమంత్రి, మధిర శాసనసభ్యులు శ్రీ మల్లు భట్టి విక్రమార్క గారికి,

సంక్రాంతి దాటితే మన మధిర చుట్టూ మిర్చి కోతలే. ఏడో నెల కడుపుతో ఉన్నవాళ్లూ సాళ్లలో వంగి ఏరుతుంటారు, కల్లంలో తాలుకాయ వేరుచేస్తుంటారు. ఎర్రకాయలో నాలుగు తాలుకాయలు కలిశాయా, “నీ ధ్యాస యాడుంది?” అని కేకలు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే “కడుపుతో ఉన్నోళ్లు ఇంతేలే” అని పక్కవాళ్ల ఓదార్పు. కేకల కంటే ఈ ఓదార్పే ఎక్కువ నష్టం చేస్తోందని నా అభిప్రాయం. ఇంతే అనుకున్నాక ఇక ఎవరూ ఏమీ అడగరు.

ఆ ఓదార్పులో కొంత నిజం లేకపోలేదు. 2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు 20 అధ్యయనాలను కలిపి చూశారు. గర్భిణులకు, అందులోనూ చివరి మూడు నెలల్లో, జ్ఞాపకం కాస్త తగ్గుతుందట. అదీ మామూలు హద్దుల్లోనే. కానీ మన దగ్గర దాని మీద రక్తహీనత వచ్చి పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తం తక్కువే. ఆపైన నిద్రలేమి, మిర్చి ఘాటు, రేపు పనికి పిలవరేమోనన్న దిగులు. వర్ధమాన దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం మందికి మానసిక సమస్య, ముఖ్యంగా కుంగుబాటు, ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆరోగ్య కేంద్రంలో బరువు, బీపీ చూస్తారు, ఐరన్ మాత్రలిస్తారు. “నిద్ర పడుతోందా తల్లీ? దిగులుగా ఉంటోందా?” అని కూడా అడిగించండి. బాలింతల్లో కుంగుబాటును పసిగట్టడానికి 1987లో వచ్చిన ఎడిన్‌బరో పట్టికలో ఉన్నవి పదే ప్రశ్నలు; గర్భిణులకూ వాడుతున్నారు. (ఆశా కార్యకర్తల నెత్తిన ఇంకో రిజిస్టరు పెట్టేముందు వాళ్ల పారితోషికం సంగతీ చూడండి.) సాయం కావాలన్నవారికి టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 ఉంది. ఆ నంబరు కల్లాల దాకా రావాలి.

ప్రశ్నలతో దిగులు తీరదు, కూలి పోతుందన్నదే అసలు దిగులు గనుక. 2017 సవరణతో ఉద్యోగినులకు 26 వారాల ప్రసూతి సెలవు దక్కింది. మిరప చేలో కూలికి ఆ సెలవు లేదు. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలంది. కోతల కాలంలో ఆమె వదులుకునే కూలి పక్కన అది ఏపాటి? ఆర్థిక శాఖా మీ దగ్గరే ఉంది. కాన్పుకు ముందు రెండు నెలలు పని మానినా కూలి డబ్బు అందే ఏర్పాటు మన నియోజకవర్గంలోనే మొదలుపెట్టండి.

భద్రాచలం అడవి ఊళ్ల నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కోతలకు వచ్చేవారినీ ఈ లెక్కలో చేర్చండి. వాళ్లలోని కోయవారిని ఈ ప్రశ్నలు అడగడానికి కోయ భాష తెలిసిన మనిషిని వేయాలి.

ఇట్లు,
మధిర వాసి