గంప కింద పులి అడుగు

"పులి కనిపిస్తుందా తాతా?" అంది మా మనవరాలు. "కనిపించకపోతే డబ్బులు వెనక్కిస్తారా?" అన్నాడు దాని నాన్న. సంక్రాంతి సెలవుల్లో పులుల అడవికి వెళ్దామని ఇంట్లో అనుకున్న మొదటి రాత్రే ఈ రెండు ప్రశ్నలూ పుట్టాయి. మూడోది మా ఆవిడ వేసింది. "ఆ ఏడు అది మనూరి ముంగిట్లోకే వచ్చింది కదా. అప్పుడు తలుపులు బిగించుకుని కూర్చుని, ఇప్పుడు టికెట్టు కొనుక్కుని మరీ ఎదురెళ్లడమేటి?"

మొదటి రెండింటికీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. మూడోది వారం రోజులుగా నన్ను వదల్లేదు. అందుకే ఈ వారం శీర్షిక దానికే ఇచ్చేశాను.

మా ఆవిడ అన్న ఆ ఏడు 2022. ఏప్రిల్ 4న మన అనకాపల్లి జిల్లా అయింది. మూడు నెలలు నిండీ నిండకముందే పెద్దపులి వచ్చింది. కొత్త జిల్లా తనిఖీకి వచ్చిందని బెల్లం మార్కెట్లో జోకులేసుకున్నాం. అంతకుముందు మే ఆఖర్లో అది కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో గేదెల్ని చంపుతూ బయటపడింది. అటవీ సిబ్బంది చెట్లకి కెమెరాలు బిగించారు, బోనులు పెట్టారు, బోనుల్లో ఎర కట్టారు. అది కెమెరాలో పడింది గాని బోనులో పడలేదు. దాదాపు నెల రోజులు అక్కడ తిరిగి, మన కోటవురట్ల వైపు వచ్చి, కశింకోట మండలం కూడా చూసుకుని, చివరికి విజయనగరం జిల్లాలోకి దాటిపోయింది.

ఆ రోజుల్లో మన ఫోన్ల నిండా పులులే. ఎక్కడెక్కడి పులులో మన ఊళ్ల పేర్లు తగిలించుకుని వచ్చాయి. నాకొచ్చిన ఒక ఫొటోలో పులి వెనక మంచు కూడా ఉంది. కింద మాత్రం 'కశింకోట, ఇప్పుడే' అని రాసి ఉంది.

కశింకోట వైపు పల్లెలో మా బావ ఉంటాడు. ఎకరంన్నర చెరుకు, రెండు గేదెలు ఆయన ఆస్తి. ఒక వేకువన పాలు తియ్యడానికి పాక దగ్గరికి వెళ్తే, గట్టు మీద తడిమట్టిలో అడుగు కనబడింది. తన అరచెయ్యి దాంట్లో పెట్టి చూసుకున్నాడట. చెయ్యి పట్టగా ఇంకా చోటు మిగిలిందట. మనమైతే ఊళ్లోకి పరిగెత్తేవాళ్లం. ఆయన పాకలోంచి మేత గంప తెచ్చి ఆ అడుగు మీద బోర్లించి, కర్ర పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. ఫారెస్టు వాళ్లు వచ్చేసరికి ఎండెక్కింది. ఈలోగా ఊరంతా వచ్చి గంప ఎత్తి చూపించమంటే ఎత్తలేదు. "తలో సెయ్యీ ఏత్తే సెరిగిపోద్ది. ఇంక ఆళ్లొచ్చి ఏటి సూత్తారు?" అన్నాడు.

తర్వాత నేనడిగాను, నువ్వు పులిని చూశావా బావా అని.

"నేను సూల్లేదు. అది నన్ను సూసే ఉంటాది."

సఫారీకి ప్లాను వేసుకునే వాళ్లెవరైనా ముందు ఈ మాట దగ్గర కాసేపు ఆగాలని నాకనిపిస్తుంది.

మా అబ్బాయి ఇంటర్నెట్లో వెతికి ఒక టూర్ల ఏజెంటుని పట్టాడు. "నల్లమల వద్దు సార్. అక్కడ పులి కనబడదు. నార్త్ వెళ్లండి, సైటింగ్ గ్యారంటీ" అన్నాడాయన. అనకాపల్లి వాడికి గ్యారంటీ మాట చెప్పి గెలవడం కష్టం. బంగారంలా మెరిసే బెల్లం దిమ్మ చూడగానే రంగు కోసం హైడ్రోస్ పొడి ఎంత కలిపాడో అని అనుమానించే ఊరు మాది. అసలు బెల్లం కాస్త నల్లగానే ఉంటుంది. పులి గ్యారంటీ అనగానే నాకు ఆ తెల్లటి పొడే గుర్తొచ్చింది.

ఆ పొడి కలిపిన అడవిని నేనోసారి చూశాను కూడా. కొన్నేళ్ల కిందట, వేరే రాష్ట్రంలో, పేరెందుకు లెండి. దారి పక్కన గడ్డిలో ఒక పులి పడుకుని ఉంది. ఒక డ్రైవరు ఇంకొకడికి ఫోను కొట్టాడు, వాడు మరొకడికి. పది నిమిషాల్లో ఇరవై జీపులయ్యాయి. సీట్ల మీద నిలబడ్డవాళ్లు, 'కొంచెం ముందుకి పోనీ' అని డ్రైవరు భుజం గోకేవాళ్లు, డీజిలు పొగ. పులి లేచి మా వైపు చూడనైనా చూడకుండా పొదల్లోకి వెళ్లిపోయింది. నాకు దక్కింది పులి తోక, దాని ముందు ముప్ఫై మంది వీపులు. ఇంటికొచ్చి అందరికీ పులిని చూశానని చెప్పాను. అబద్ధం కాదు గాని, నిజమని కూడా నాకనిపించలేదు.

నల్లమలలో పులి కనబడదన్న మాట మాత్రం దాదాపు నిజమే. లెక్క చూడండి. నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణం 3,728 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పులుల రిజర్వులన్నింటిలోకీ పెద్దది. మన అనకాపల్లి జిల్లా కంటే కొంచెమే చిన్న. 2022 లెక్కల్లో అక్కడ తేలిన పులులు 58. ఒక్కో పులికి అరవై చదరపు కిలోమీటర్లు దాటిన వాటా. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్‌లో 1,288 చదరపు కిలోమీటర్లకి 260 పులులు, అంటే ఐదు చదరపు కిలోమీటర్లకొకటి. అక్కడ జీపుకి ఎదురుపడకుండా తిరగడం పులికి కష్టం. ఇక్కడ పులికి ఎదురుపడటం జీపుకి కష్టం.

అలాగని మనది దిగజారుతున్న అడవి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 48 పులులుంటే నాలుగేళ్లకి 63 అయ్యాయి. ఒంటి మీది చారలు ఏ రెండు పులులకీ ఒకేలా ఉండవు కాబట్టి, కెమెరా ఫొటోలు పక్కపక్కన పెట్టి ఒక్కోదాన్నీ విడిగా లెక్కపెడతారు. పక్కనే తెలంగాణలోని అమ్రాబాద్ కూడా ఒకప్పుడు ఈ రిజర్వులో భాగమే. రాష్ట్రాలు విడిపోయాక వేరు రిజర్వు అయింది. కృష్ణకి ఆ గట్టున ఒకరిది, ఈ గట్టున ఒకరిది. పులికి ఈ విభజన చట్టం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మా తరానికి నల్లమల అంటే పులి గుర్తొచ్చేది కాదు, తుపాకీ గుర్తొచ్చేది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చల కోసం మావోయిస్టు నాయకులు చిన్నారుట్ల దగ్గర అడవిలోంచి బయటికొచ్చినప్పుడు టీవీల ముందు కూర్చుని చూశాం. ఇప్పుడు దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఆ దారిలోనే తుమ్మలబైలు దగ్గర సఫారీ జీపులు బయల్దేరుతున్నాయి. ఇరవై ఏళ్లలో ఒక అడవి పేరు చెప్తే గుర్తొచ్చేది ఇంతగా మారిపోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

సఫారీ అన్న మాట మనకి కొత్త గాని, ఈ అడవిలోకి వెళ్లడం కొత్త కాదు. శివరాత్రికీ ఉగాదికీ ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా వేలాదిమంది శ్రీశైలానికి నడిచి వెళ్తారు. కర్ణాటక నుంచి వచ్చేవాళ్లు కాళ్లకి కర్రలు కట్టుకుని కూడా నడుస్తారు. పులుల అడవిలో రాత్రిళ్లు చెట్ల కింద పడుకుని మల్లన్న దగ్గరికి పోయేవాళ్లు పులి కనిపించాలని మొక్కుకోరు, కనిపించకూడదని మొక్కుకుంటారు. మన అసలు సఫారీ అది. దానికీ దోషం లేకపోలేదు. ఆ దారి పొడవునా పడే ప్లాస్టిక్ సీసాలూ కవర్లూ చూస్తే భక్తి మీద కోపం వస్తుంది. ఘాట్ రోడ్డు మీద కారాపి కోతులకి అరటిపళ్లు విసిరేవాళ్లదీ అదే పుణ్యం. పళ్లకి అలవాటుపడిన కోతి రోడ్డు వదలదు. ఆ రోడ్డు మీదే ఏదో ఒక చక్రం కింద పోతుంది.

ఇక చెంచులు. శ్రీశైలం దేవుణ్ణి చెంచు మల్లయ్య అని తమవాణ్ణి చేసుకున్నవాళ్లు, అహోబిలం నరసింహస్వామికి పిల్లనిచ్చినవాళ్లు. వాళ్ల ఊళ్లని పెంటలంటారు. దోమలపెంట అని చదివి మా మనవరాలు ముక్కు మూసుకుంది. మన వైపు ఆ మాటకి అర్థం వేరు మరి! ఇవాళ ఈ రిజర్వులో కాపలా తిరిగేవాళ్లలో, అడుగుజాడలు పట్టేవాళ్లలో చెంచులున్నారు. కణితి ఒక రకంగా అరిస్తే చిరుత అనీ, కోతులు కొమ్మ చివరకి చేరి అదేపనిగా కేకలేస్తే కింద ఏదో నడుస్తోందనీ వాళ్లకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలీదు. నన్నడిగితే పులుల అడవికి కట్టే డబ్బులో పెద్ద వాటా ఈ చెవులకి పోవాలి. జీపు టైర్లకీ కాటేజీ ఏసీకీ పోయేది చాలు.

ఇప్పుడు ప్లాను. అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి మా ఇంట్లో తేలింది చెప్తాను.

వానాకాలం, జులై నుంచి సెప్టెంబరు దాకా, అడవి మూసేస్తారు. దసరాకి తెరిచి ఉంటుంది, వాగులు పారుతుంటాయి, పచ్చదనం కన్ను చెదిరేలా ఉంటుంది. ఆ పచ్చదనంలో పది గజాల అవతల పులి పడుకున్నా కనబడదు. కార్తీకంలో శ్రీశైలం దారి పట్టడమంటే భక్తుల కార్ల వెనక కార్ల సఫారీ చెయ్యడమే. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు ఎండిపోయి జంతువులు గుంటల దగ్గరికి చేరతాయి. పులి కనబడే అవకాశం అప్పుడే ఎక్కువ, మనకి వడదెబ్బ అవకాశం కూడా. కనుమ దాటాక, శివరాత్రి హడావుడి మొదలవకముందు ఉన్న రోజులే పిల్లలతో వెళ్లేవాళ్లకి మంచివి. ఆ రోజుల్లోనే అహోబిలం స్వామి పారువేటకి బయల్దేరి పల్లెలన్నీ తిరుగుతుంటాడు. వేటకెళ్లిన దేవుడు ఎదురైతే ఆ రోజుకి పులి లోటు తీరినట్టే.

విశాఖ మీదుగా వచ్చే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ గుంటూరు దాటి మార్కాపురం రోడ్‌కి తీసుకెళ్తుంది. రాత్రి పొద్దుపోయి దిగుతాం. దిగిన వెంటనే శ్రీశైలం పరిగెడదామనుకుంటే కుదరదు. దోర్నాల దగ్గరా, అవతల శిఖరం దగ్గరా గేట్లు రాత్రి తొమ్మిదికి మూసి ఉదయం ఆరుకి తీస్తారు. ఆ తొమ్మిది గంటలూ రోడ్డు జంతువులది. గేటు ముందు ఆగి హారన్లు కొట్టేవాళ్లని తిట్టే హక్కు నాకుందనుకుంటాను. మార్కాపురంలోనే పడుకుని తెల్లారి కదులుతాం. ఒక రాత్రి ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో అటవీ శాఖ వాళ్ల బసలో, ఒక పూట తుమ్మలబైలులో. నంద్యాల వైపు వెళ్లేవాళ్లకి పచ్చర్ల కూడా ఉంది. తిరుగు ప్రయాణానికి పగటి బండి దొరికితే నంద్యాల, గిద్దలూరు మధ్య కిటికీ పక్కన కూర్చోండి. బొగద సొరంగాలు, చలమ, దిగువమెట్ట, అంతా నల్లమలే. ఆ సఫారీకి రైలు టికెట్టే చాలు.

మాడుగుల హల్వా డబ్బా ఒకటి పెట్టుకుంటున్నాం గాని జీపులో మూత తియ్యకూడదని ఒప్పందం. ఎర్ర చొక్కాలు వద్దన్నాను. సెంటు వద్దంటే మా కోడలు ఒప్పుకుంది, మా అబ్బాయే ఆలోచిస్తానన్నాడు. ఫోన్ల దగ్గర మాత్రం పెద్ద గొడవైంది. 2025 నవంబరులో కార్బెట్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు పులుల కోర్ అడవుల్లో పర్యాటకుల ఫోన్లు వద్దంది, రాత్రి సఫారీలూ వద్దంది. కోర్టు చెప్పినా చెప్పకపోయినా నేను చెప్పేవాణ్ణే. ఆ ఇరవై జీపుల్ని ఒకచోట చేర్చింది ఫోనే. 2022లో కశింకోటకి మంచు తెచ్చిందీ ఫోనే.

"మరి ఫొటో లేకపోతే వెళ్లినట్టు ఎలా తెలుస్తుంది?" అన్నాడు మా అబ్బాయి. ఎవరికి తెలియాలి అనడిగితే జవాబు లేదు.

పులిని తప్పనిసరిగా చూపించాల్సిందేనంటే విశాఖ జూ ఉంది, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చెయ్యొచ్చు. ఆ మాటా ఇంట్లో పెట్టాను. మనవరాలు తల అడ్డంగా ఊపింది. "జూలో దానికి మనం వస్తామని ముందే తెలుసు" అంది. అంతే, నల్లమల ఖాయమైంది.

మా ఆవిడ ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇదీ: అప్పుడు అది మన చోటికి వచ్చింది, మనకి భయపడే హక్కుంది. ఇప్పుడు మనం దాని చోటికి వెళ్తున్నాం. బయటికి రావాలో, పొదలో పడుకుని మనల్ని చూసి ఊరుకోవాలో అది దాని ఇష్టం. ఆవిడ విని, "అయితే ఈ ఖర్చంతా మనల్ని దానికి చూపించడానికన్నమాట" అంది. నేను ఇంత క్లుప్తంగా చెప్పలేకపోయాను.

జీపులో ఒక సీటు మిగిలింది. బావకి ఫోన్ చేశాను. గానుగ రోజులు కదా, చెరుకు నరకడానికి మనుషులు దొరకడం లేదని కాసేపు నసిగాడు. గేదెల్ని ఎవరికి అప్పజెప్పాలో ఆలోచించాడు. చివరికి వస్తానన్నాడు.

"వత్తాను గాని బావా," అన్నాడు పెట్టేసేముందు, "గంప అట్టుకురానా?"