40 ఏళ్ల కంప్యూటర్ బతికింది, రెండేళ్ల ఫోన్‌కు మాత్రం "బోర్డు మార్చాలి" అన్నారు

ఒకే ఏడాదిలో రెండు మెషిన్లు నా ముందుకు డెడ్‌గా వచ్చాయి. ఒకటి 1980ల నాటి బీబీసీ మైక్రో. రెండోది అమ్మ వాడే ఫోన్, కొని రెండేళ్లు. ఏది బాగవడం కష్టం అంటే ఎవరైనా మొదటిదే అంటారు. నేనూ అలాగే అనుకున్నా.

బీబీసీ మైక్రో తెలియనివాళ్లకు చిన్న ఇంట్రో. 1981 చివర్లో ఇంగ్లండ్‌కు చెందిన ఏకార్న్ తెచ్చిన హోమ్ కంప్యూటర్ ఇది. 2 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసర్, మోడల్ బీలో 32 కేబీ ర్యామ్. దీని మీద పనిచేసిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్‌లే తర్వాత మొదటి ఆర్మ్ ప్రాసెసర్ డిజైన్ చేశారు. అంటే మీ ఫోన్‌లోని చిప్‌కు పుట్టిల్లు ఇదే అనుకోండి. మన దేశంలో 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద స్కూళ్లకు వెళ్లినవి కూడా ఇవే.

నాకు మాత్రం ఇంగ్లండ్‌లోనే దొరికింది. ఆన్‌సైట్ మీద అక్కడున్నప్పుడు "పనిచేయదు, స్పేర్స్‌కి మాత్రమే" అని ఒకాయన అమ్ముతుంటే కొన్నా. రూమ్‌కి తేగానే ఆగలేక ప్లగ్ పెట్టేశా. అదే నేను చేసిన మొదటి తప్పు. కాసేపటికి పవర్ సప్లై నుంచి పొగ. ఆ వాసన రెండు రోజులు పోలేదు.

కారణం చాలా సింపుల్. కరెంటు లోపలికి వచ్చే చోట నాయిస్ ఫిల్టర్ కోసం పెట్టిన కాగితం రకం కెపాసిటర్లు అవి. ఏళ్లు గడిచేకొద్దీ పైపెంకు పగిలి లోపలికి తేమ చేరుతుంది, ఒకరోజు పేలతాయి. ఒకటి 0.1 మైక్రోఫారడ్, ఇంకోటి 0.01. అదే విలువలో ఎక్స్2 క్లాస్ ఫిల్మ్ కెపాసిటర్లు వేశా. ఒక జాగ్రత్త: ప్లగ్ తీసేసినా సప్లై లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. మీటర్‌తో చూడకుండా చేయి పెట్టొద్దు. ఈ పని అలవాటు లేకపోతే తెలిసినవాళ్ల చేత చేయించండి, ఇందులో నామోషీ ఏమీ లేదు.

మళ్లీ ఆన్ చేశా. 5 వోల్టులు కరెక్టుగా వస్తున్నాయి. కానీ స్క్రీన్ మీద ఏమీ లేదు, స్పీకర్‌లోంచి ఆగకుండా ఒకటే కూత.

నాకు బాగా నచ్చిన భాగం ఇక్కడే ఉంది. ఈ మెషిన్‌లో సౌండ్ చిప్ కరెంటు తగలగానే దానంతట అదే మోగుతుంది. ప్రాసెసర్ లేచి, ఆపరేటింగ్ సిస్టమ్ నడిచాకే దాన్ని ఆపి, చిన్న బీప్ కొడుతుంది. కాబట్టి కూత ఆగలేదంటే ప్రాసెసర్ తన పని మొదలుపెట్టలేదని అర్థం. స్క్రీన్ లేకుండా, ఒక్క మీటర్ కూడా పెట్టకుండా, చెవితోనే సగం వెతుకులాట అయిపోయింది.

"6502 పోయుంటుంది, కొత్తది వేసెయ్" అని ఫ్రెండ్ అన్నాడు. పాత మెషిన్ల విషయంలో అందరూ చేసేది ఇదే, అనుమానం వచ్చినవన్నీ మార్చేయడం. దానివల్ల డబ్బులు పోవడమే కాదు, నలభై ఏళ్ల బోర్డు మీద అనవసరంగా సోల్డరింగ్ ఐరన్ పెట్టి ట్రాక్‌లు లేపేస్తాం. నేను సర్క్యూట్ డయాగ్రమ్ తీశా. అవును, ఉంది! ఏకార్న్ సర్వీస్ మాన్యువల్ ఉంది, ప్రోగ్రామర్ల కోసం అప్పట్లో అమ్మిన గైడులో కూడా డయాగ్రమ్ వేశారు. అది చూస్తూ క్లాక్ ఉందా, రీసెట్ లైన్ పైకి వస్తోందా అని కొలిచా. రెండూ ఓకే. అయితే మిగిలింది ప్రాసెసర్ చదివే రామ్... కాదు, రోమ్. సాకెట్‌లోంచి తీసి, కాళ్లకు పట్టిన నలుపు తుడిచి మళ్లీ నొక్కా.

బీప్!

ఈసారి స్క్రీన్ మీద "లాంగ్వేజ్?" అని వచ్చింది. అంటే బేసిక్ రోమ్ కనబడటం లేదని మెషినే చెబుతోంది. తీసి చూస్తే ఒక కాలు కిందకి మడతపడి ఉంది. నా కంటే ముందు ఎవరో తొందరపడ్డారు. సరిచేశా, బేసిక్ వచ్చింది. మార్చింది రెండు కెపాసిటర్లు, చిప్ ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు అమ్మ ఫోన్. రాత్రి చార్జింగ్‌కి పెట్టింది, పొద్దున లేవలేదు. సర్వీస్ సెంటర్‌లో పది నిమిషాలు చూసి, "బోర్డు మార్చాలి సార్, డేటా రాదు" అన్నారు. ఏం పోయిందని అడిగితే "బోర్డు" అన్నారు. నాన్న చివరి రెండేళ్ల ఫొటోలు అందులోనే ఉన్నాయి, బ్యాకప్ లేదు. స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉంటుంది, ఎన్‌క్రిప్షన్ ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. బోర్డు మారితే అంతే.

హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో ఒక అన్న దగ్గరికి తీసుకెళ్లా. ఆయన కంప్యూటర్‌లో ఆ మోడల్ డయాగ్రమ్ పీడీఎఫ్ ఉంది. ఎక్కడిదన్నా అంటే నవ్వాడు. ఒక పవర్ లైన్ గ్రౌండ్‌కు షార్ట్ అయింది. కొద్దిగా వోల్టేజ్ ఇచ్చి, ఏ పార్ట్ వేడెక్కుతోందో థర్మల్ కెమెరాలో చూసి, ఆవగింజంత కెపాసిటర్ ఒకటి పీకాడు. ఫోన్ లేచింది. నేను బీబీసీ మైక్రోకి చేసింది, ఆయన ఫోన్‌కి చేసింది ఒకటే పని. నా దగ్గరున్న కాగితం కంపెనీ ఇచ్చింది, ఆయన దగ్గరున్నది దొంగచాటుగా వచ్చింది. తేడా అంతే.

పాతవే గొప్పవని నేననను. సన్నటి వాటర్‌ప్రూఫ్ ఫోన్‌లో చిప్పులకు సాకెట్లు పెట్టమనడం పిచ్చితనం. అడిగేది డయాగ్రమ్ మాత్రమే. 2022లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, మంచిదే. కానీ అమ్మ ఫోన్ మోడల్‌కి అక్కడ బోర్డు డయాగ్రమ్ నాకు కనిపించలేదు. మనం రివ్యూల్లో కెమెరాకు, బ్యాటరీకి మార్కులు వేస్తాం కదా, "డయాగ్రమ్ ఇస్తారా?" అని కంపెనీని అడిగి, ఆ జవాబు కూడా రాయాలి. ఇవ్వం అంటే అదే రాయాలి.

బీబీసీ మైక్రో ఇప్పుడు హైదరాబాద్‌లో నా టేబుల్ మీదే ఉంది. నిన్నటి నుంచి మోడ్ 7లో అక్షరాలు చెదురుతున్నాయి, మోడ్ 4లో మాత్రం శుభ్రంగా ఉన్నాయి. మోడ్ 7కి వేరే టెలిటెక్స్ట్ చిప్ ఉంటుంది, ఎస్ఏఏ5050. అనుమానం దాని మీదే. శనివారం ముందు సాకెట్ తుడిచి చూస్తా.