సగంలో ఆగిన గోడ ఎవరి గొడవ?

"ఇంటి మరమ్మతు తగాదాలు కూడా స్త్రీల హక్కుల కిందికి వస్తాయా?" అని ఈమధ్య ఒక సమావేశంలో ఒక మిత్రుడు అడిగాడు. మేస్త్రీకీ ఇంటాయనకీ మధ్య గొడవని మన పత్రికలోకి ఎందుకు లాగుతారని ఆయన ఉద్దేశం. జవాబు ఆ మాటలోనే ఉంది. పని ఒప్పజెప్పింది ఇంటాయన, బేరమాడింది ఇంటాయన, మోసపోయింది కూడా ఇంటాయనే! మరి కూలగొట్టిన స్నానాల గది పక్కన నాలుగు నెలలుగా బతుకుతున్న ఆడమనిషి ఎవరు?

మా సంఘానికి వచ్చిన ఒకామె సంగతే చూడండి. పాత స్నానాల గది, లెట్రిన్ తీయించి కొత్తవి కట్టించుకోవాలని పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. లక్షా 20 వేలకి మొత్తం పని గుత్తకి మాట్లాడుకున్నారు. కాగితం లేదు. 80 వేలు ముందే చేతిలో పెట్టారు. కాంట్రాక్టరు పాతది కూలగొట్టాడు, నడుమెత్తు గోడ లేపాడు, ఇంకోచోట పెద్ద పని దొరకగానే వెళ్లిపోయాడు. ఆమె ఫోను చేస్తే, "సార్‌కివ్వండమ్మా, ఆయనతో మాట్లాడతా" అంటాడు. సార్ చేస్తే ఎత్తడు. అప్పు ఆమె పేరున ఉంది, నెలనెలా కిస్తీ కట్టేది ఆమె. బేరంలో మాత్రం ఆమె లేదు.

తెల్లవారకముందే లేచి పక్కింటి తలుపు తట్టాలి. ఎదిగిన కూతురు చీర చాటున స్నానం చేయాలి. వీధి కొళాయి నుంచి నీళ్లు మోయాలి. మాటిమాటికీ పరాయి ఇంటికి పోలేక నీళ్లు తాగడం తగ్గించుకోవాలి. ఇంటాయన బయటికి వెళ్లి పని చూసుకుని వస్తాడు. ఆమెకి ఇల్లే పని చేసే చోటు. ఆ చోటుని ఎవరో పగలగొట్టి వదిలేస్తే అదనంగా పడిన చాకిరీకి ఎవరూ లెక్క కట్టరు. పైగా "నీ తొందరవల్లే వచ్చింది" అని మొగుడు, "పోయిన డబ్బు పోయింది, సర్దుకో" అని పెద్దలు. సర్దుకొమ్మనే మాట ఎప్పుడూ ఆడదాని వాటాకే ఎందుకొస్తుంది?

పోలీసు స్టేషనుకి వెళితే, "ఇది సివిల్ గొడవ, కోర్టుకి పొండి" అన్నారు. కోర్టు అనగానే ఇంట్లోవాళ్లు భయపడ్డారు. ఈ భయమే పని వదిలేసినవాడికి ధైర్యం. నిజానికి దారి ఉంది. వినియోగదారుల రక్షణ చట్టంలోని 'సేవ' నిర్వచనంలో 1993 సవరణతో గృహ నిర్మాణాన్ని చేర్చారు. ఇప్పుడు అమల్లో ఉన్న 2019 చట్టంలోనూ అది ఉంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. డబ్బిచ్చి పని చేయించుకున్న మనిషే కాదు, ఆ మనిషి సమ్మతితో ఆ సేవను అనుభవించే మనిషి కూడా వినియోగదారే అంటుంది చట్టం. అంటే బేరమాడింది భర్తే అయినా భార్య తన పేరున ఫిర్యాదు చేయవచ్చు. చట్టం ఒప్పుకున్న ఈ హక్కుని ఇంట్లో మాత్రం ఇంకా ఒప్పుకోవడం లేదు.

ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. మనం ఉంటున్న చోటనే వేయవచ్చు. ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపయితే రుసుము లేదు. లాయరు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. గడువు రెండేళ్లు. మామూలు కేసులు మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో వాయిదాలు పడతాయి. ఆ సంగతి దాచి ఆశపెట్టడం మాకిష్టం లేదు. కానీ వాయిదాలున్నాయని ఊరుకుంటే లాభం ఎవరికి?

ముందుగా సగం గోడని ఫొటో తీసి పెట్టుకోవాలి. ఇచ్చిన డబ్బుకి రుజువులు, ఫోనులో వచ్చిన సందేశాలు చెరిపేయకూడదు. మిగిలిన పనికి ఎంతవుతుందో ఇంకో మేస్త్రీ చేత లెక్క రాయించుకోవాలి. గడువు పెట్టి, స్పీడు పోస్టులో నోటీసు పంపాలి. నష్టపరిహారం అడిగేటప్పుడు సిమెంటు, ఇటుకల లెక్కతో ఆగిపోకుండా, మోసిన నీళ్లూ, పడిన అవస్థా కూడా రాయాలి. మన చాకిరీని మనమే రాయకపోతే ఏ కమిషనూ తనంతట తాను లెక్కపెట్టదు.

ఇంకొక మాట. ఆ ఇంట్లో ఇసుక మోసిన కూలీ స్త్రీలు కూడా రావలసిన కూలికోసం అదే కాంట్రాక్టరు చుట్టూ తిరుగుతున్నారు. పని ఆగిందని ఇంటామె మొదట తిట్టింది వాళ్లనే. పని మొత్తం గుత్తకి తీసుకున్నవాడు బాధ్యుడు గానీ, అతని కింద రోజుకూలికి వచ్చినవాళ్లు కాదు. పని ఏ రోజున ఆగిందో ఆ కూలీలు సాక్ష్యం చెప్పగలరు. వాళ్లు ఎన్ని రోజులు పనిచేశారో ఇంటామె సాక్ష్యం చెప్పగలదు. ఒకరినొకరు తిట్టుకున్నంతకాలం అతను నిశ్చింతగా ఇంకో ఇంట్లో అడ్వాన్సు పుచ్చుకుంటూనే ఉంటాడు.

ఇకముందు ఇంట్లో పని మొదలుపెట్టే ప్రతి స్త్రీకీ మేం చెప్పేది ఒకటే. పని వివరాలు, మొత్తం, గడువు కాగితం మీద పెట్టించండి. పునాదికి ఇంత, గోడలకి ఇంత, పైకప్పుకి ఇంత అని భాగాలు చేసి, ఏ భాగం పూర్తయితే దానికే డబ్బివ్వండి. చివరి వాటా పనంతా చూసుకున్నాకే ఇవ్వండి. ఆ కాగితం మీద మీ సంతకం కూడా ఉండాలి. "సార్‌కివ్వండమ్మా" అని ఎవరైనా అంటే, "ఈ పనికి సార్‌ని నేనే, చెప్పు" అనండి.